పిడికెడు బియ్యం మొదలు క్యూఆర్ కోడు దాకా: మన చందాల చరిత్ర

చందా, వసూలు, రసీదు, జమ, ఖర్చు, బాకీ. ఈ మాటలు లేకుండా తెలుగువాడు ఒక్క దినమైనా గడపలేడు. ఇవన్నీ అరబ్బీ, ఫార్సీ భాషల నుండి కచేరీల మీదుగా తెలుగులోకి వచ్చి స్థిరపడినవే. ఆదోని పత్తి మార్కెట్టులో గుమాస్తా రాసే చిట్టాలోను, ఎమ్మిగనూరు మగ్గం ఇంట్లో నూలు లెక్కలోను ఇవే మాటలు. ఇందులో ఒక విశేషం గమనించండి. మన పెద్దలు జమ అనే మాటను ఒంటరిగా వదలలేదు. జమాఖర్చు అని రెంటినీ జంట చేసి పలికినారు. వచ్చినది చెప్పి పోయినది చెప్పకపోతే అది లెక్క కాదని ఆ మాటే మనకు నేర్పుతున్నది.

నేడు చందా అడగటం చాలా సులభమైపోయినది. ఒక క్యూఆర్ కోడు బొమ్మను వాట్సాప్‌లో వేస్తే చాలు. ఆదోనిలో అడిగిన మాట అరనిమిషంలో బెంగుళూరులోను, రియాద్‌లోను వినపడుతుంది. మనవంటి చిన్న సంఘాలకు ఇది అల్లాహ్ ఇచ్చిన గొప్ప నేమత్ అని అందరూ అంటున్నారు. నిజమే. అయితే నూటయాభై సంవత్సరాల చందాల చరిత్రను తిరగేసి చూస్తే, డబ్బు వచ్చే దారి మారిన ప్రతిసారీ ఒకే ప్రశ్న ఎదురైనట్లు కనపడుతుంది. ఇచ్చినవానికి లెక్క ఎవరు చెప్పాలి? ఎప్పుడు చెప్పాలి? ఆ చరిత్రను క్లుప్తంగా సభ్య సోదర సోదరీమణుల ముందుంచుటయే ఈ వ్యాసం ఉద్దేశ్యము.

రాజుల సొమ్ము, ప్రజల సొమ్ము

ఆదోని షాహీ జామియా మసీదును చూడనివారు మనలో ఉండరు. 17వ శతాబ్దిలో బిజాపూరు సుల్తానుల తరఫున ఆదోనిని ఏలిన సిద్దీ మసూద్ ఖాన్ దానిని కట్టించినాడు. ఆయన ఆఫ్రికాలోని అబిసీనియా సంతతివాడు. అంత పెద్ద కట్టడానికి ఆయన ఇంటింటికీ తిరిగి అడగవలసిన అవసరం లేకపోయినది. ఖజానా ఆయన చేతిలోనే ఉన్నది. ఆ తర్వాత ఆదోని మొగలాయిల వశమైనది. పిమ్మట నిజాం అలీ సోదరుడైన బసాలత్ జంగ్‌కు జాగీరైనది. 1786లో టిప్పు సుల్తాన్ కోటను పట్టుకున్నాడు. చివరకు 1800 సంవత్సరంలో నిజాం ఈ సీమనంతా ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసినాడు. దత్తమండలాలు అనే పేరు అట్లా వచ్చినదే.

నవాబులు పోయినారు, జాగీర్లు పోయినవి. మసీదులో దీపానికి నూనె, మదర్సా పిల్లలకు అన్నం, దిక్కులేని మయ్యత్తుకు కఫను మాత్రం ఎప్పటివలెనే కావాలి గదా! ఎవరిస్తారు? ఈ ప్రశ్న ఒక్క ఆదోనిదే కాదు. 1857 తిరుగుబాటు అణిగిపోయిన తర్వాత దేశమంతటా ముస్లిములకు ఇదే ప్రశ్న.

దీనికి ఉత్తరాదిన రెండు జవాబులు దొరికినవి. 1866లో దేవబంద్‌లో మదర్సా నెలకొల్పిన పెద్దలలో మౌలానా ఖాసిం నానౌతవీ ముఖ్యులు. ఆయన సంస్థకు ఎనిమిది సూత్రాలు రాసి ఇచ్చినారు. స్థిరమైన ఆదాయం మీద ఆధారపడితే అల్లాహ్ మీద నమ్మకం సడలుతుంది, సర్కారు సొమ్ము, గొప్పవారి సొమ్ము హాని చేయవచ్చు, సామాన్యుల చందాలోనే బరకత్ ఉన్నది అనేది అందులోని సారాంశం. మరొక దిక్కున సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో అలీగఢ్‌లో పాఠశాల తెరిచినారు. ఆయన సంస్థానాధీశులనూ అడిగినారు, సామాన్యులనూ అడిగినారు. 1891లో హైదరాబాదుకు కూడా వచ్చినారు. అలీగఢ్ విద్యార్థులు అంజుమనుల్ ఫర్జ్ అనే సంఘం పెట్టుకొని, పేద విద్యార్థుల కోసం సెలవుల్లో ఊరూరా తిరిగి చందా పోగు చేసినారు. ఈ రెండు సంస్థల దారులు వేరు. కాని ఇచ్చినవారి పేర్లు, ఇచ్చిన మొత్తాలు అచ్చువేసి ప్రకటించటంలో మాత్రం ఇద్దరిదీ ఒకే పద్ధతి.

ఇక మన ఆడవారి పద్ధతి ఒకటున్నది. దానికి సూత్రాలు ఎవరూ రాసి ఇవ్వలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడు బియ్యంలో నుండి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయటం. నెలకొకసారి మదర్సా పిల్లవాడో, జమాతు మనిషో వచ్చి తీసుకుపోతాడు. ముట్టీ చావల్ అని మనం అంటాము. కేరళలో దీనిని పిడియరి అంటారు. బెంగాల్‌లోను ఇదే ఆచారం ఉన్నది. పిడికెడు తీసినందువల్ల ఏ ఇంట్లోను కడుపు మాడదు. వంద ఇళ్ళ పిడికెళ్ళు కలిస్తే ఒక మదర్సా నడుస్తుంది. చిన్న సంఘానికి అసలు బలం ఇదే. పదిమంది ఇచ్చే పదివేలకన్నా, వెయ్యిమంది ఇచ్చే వంద రూపాయలు గట్టివి. ఎందుకంటే పదిమందిలో ఒకడు అలిగినా పని నిలిచిపోతుంది. వెయ్యిమందీ ఒక్కసారే అలగరు.

రైలు, మనియార్డరు, మహజరు

1871లో మద్రాసు నుండి వచ్చే రైలు మార్గం రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసినది. ఆదోని ఆ దారిలోనే ఉండటంవలన పత్తి వ్యాపారం పెరిగి, రెండో బొంబాయి అనే పేరు వచ్చినది. 1880 జనవరి 1వ తేదీ నుండి తపాలా శాఖ మనియార్డరు పద్ధతి ప్రారంభించినది. ఆనాటికి ఇది నేటి ఫోను చెల్లింపు వంటిదే అంటే అతిశయోక్తి కాదు. అంతకుముందు చందా ఇవ్వాలంటే అడిగేవాడు గుమ్మం ముందుకు రావాలి. మనియార్డరు వచ్చిన తర్వాత, ముఖం చూడని మనిషి, పేరు వినని ఊరికి, రెండు రూపాయలు పంపగలిగినాడు. దేవబంద్ వంటి సంస్థలు దేశమంతటా వ్యాపించటానికి ముద్రణాలయం, రైలు, మనియార్డరు మూడూ తోడ్పడినవి.

దూరాన ఉన్న పనికి చందా ఎట్లా పోగవుతుందో హిజాజ్ రైల్వే చూపినది. 1900లో తుర్కీ సుల్తాను రెండవ అబ్దుల్ హమీద్ డమాస్కస్ నుండి మదీనాకు రైలు వేయిస్తానని ప్రకటించినాడు. యూరపు బ్యాంకుల అప్పు వద్దనుకొని ప్రపంచ ముస్లిముల విరాళం కోరినాడు. మన హైదరాబాదులో ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్ ఈ పనిని భుజాన వేసుకొని చందాలు పోగు చేసినారు. ఇచ్చినవారికి సుల్తాను పేరిట పతకాలు వచ్చినవి. 1908లో రైలు మదీనా చేరినది. ఇచ్చినవారికి తమ సొమ్ము ఇనుప పట్టాలై కంటికి కనపడినది.

కంటికి కనపడని పనికి జనాన్ని కదిలించటం ఇంకా కష్టం. దానికి మంచి ఉదాహరణ వక్ఫ్ చట్టం. కుటుంబం కోసం చేసే వక్ఫ్ చెల్లదని 1894లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ తీర్పు ఇచ్చినది. మౌలానా షిబ్లీ నోమానీ ఊరూరా ఉత్తరాలు రాసి, ఉలమాల అభిప్రాయాలు తెప్పించి, సంతకాలతో మహజర్లు సిద్ధం చేయించినారు. శాసనమండలిలో మహమ్మద్ అలీ జిన్నా బిల్లు ప్రవేశపెట్టినారు. 1913లో అది చట్టమైనది. సంతకాలు మాత్రమే ఉంటే ఆ పని అయ్యేది కాదు. షరియత్ గ్రంథాల నుండి ఆధారాలు, కోర్టు తీర్పులకు జవాబులు ఆ మహజర్లకు తోడుగా నిలిచినవి.

ఖిలాఫత్ నేర్పిన పాఠం

చందాల చరిత్రలో అన్నిటికన్నా పెద్ద ఘట్టం ఖిలాఫత్ ఉద్యమం. 1919 నుండి దేశమంతటా కమిటీలు ఏర్పడినవి. నోటు ఆకారంలో అచ్చువేసిన రసీదులు ఒక రూపాయికి ఒకటి చొప్పున జనానికి అందినవి. చేతిలో ఒక కాగితం ఉంటే, నేనూ ఇందులో ఉన్నాను అనే ధీమా సామాన్యునికి కలిగినది. అలీ సోదరుల తల్లి బీ అమ్మాన్ ముసలితనంలో ఊరూరా తిరిగి సభలలో మాట్లాడినారు. ఆడవారు నగలు ఒలిచి ఇచ్చినారు.

ఆంధ్ర దేశానికి ఈ కథలో చోటున్నది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో విజయవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెసు కమిటీ, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగు చేయాలని తీర్మానించినది. అదే సంవత్సరం సెప్టెంబరు 14న, గాంధీజీతో కలిసి మద్రాసు పోతున్న మౌలానా మహమ్మద్ అలీని వాల్తేరు స్టేషనులో అరెస్టు చేసినారు.

తర్వాత ఏమైనది? తుర్కీ సహాయార్థం పోగైన అంగోరా నిధిలో సుమారు 16 లక్షల రూపాయలు, కేంద్ర ఖిలాఫత్ కమిటీ అధ్యక్షుడైన బొంబాయి వర్తకుడు సేఠ్ ఛోటానీ వ్యాపారంలో చిక్కుకున్నట్లు 1922, 23 నాటి విచారణలో బయటపడినది. ఆయన తన కర్రకోత మిల్లులను కమిటీకి అప్పగించవలసి వచ్చినది. 1924 మార్చిలో తుర్కీ ప్రభుత్వమే ఖిలాఫత్‌ను రద్దు చేసినది. ఉద్యమం చల్లబడటానికి కారణాలు చాలా ఉన్నవి. కాని రసీదు పట్టుకున్న సామాన్యుని మనసు విరిగినది మాత్రం లెక్క దగ్గరే. ఆయన తిని పారిపోయినాడని కాదు. నిధిని, సొంత వ్యాపారాన్ని వేరువేరుగా ఉంచలేదు. అంత పెద్ద ఉద్యమాన్ని గాయపరచినది అంత చిన్న అజాగ్రత్త.

మన జిల్లాలోనే రెండు ఉదాహరణలు

లెక్క సరిగా ఉంటే సంస్థ ఎట్లా నిలుస్తుందో చూడటానికి దూరం పోనక్కరలేదు. ఎమ్మిగనూరులో పద్మశ్రీ మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం స్థాపించినారు. మగ్గం మీద కూర్చున్న మనిషి తన చిన్న వాటాతో సభ్యుడైనాడు. సహకార చట్టం ప్రకారం ఏటేటా లెక్కల తనిఖీ జరగాలి, సర్వసభ్య సమావేశంలో ఆ లెక్క వినిపించాలి. నేతవారిలో అన్ని కులాలు, అన్ని మతాలవారు ఉన్నారు. వారిని ఒకచోట చేర్చినది వాటా కాగితం, దాని వెనుకనున్న లెక్క పుస్తకం.

రెండవది కర్నూలు ఉస్మానియా కళాశాల. కర్నూలు బిడ్డ, ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చిన అఫ్జలుల్ ఉలమా డాక్టర్ అబ్దుల్ హఖ్‌గారు 1947లో దానిని స్థాపించినారు. దానికి ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు పెట్టినారు. దేశం రెండుగా చీలి, మన జనం భయంతో బిక్కచచ్చి ఉన్న సంవత్సరమది. అటువంటి సమయంలో కాలేజీ పెడదామని చేయి చాచటానికి ఎంత ధైర్యం కావాలి! దక్షిణాది సర్ సయ్యద్ అని ఆయనను పిలుచుకుంటున్నాము. 2016లో కర్నూలులో ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే ఉన్నది. ఆదోని, ఆలూరు తాలూకాలు అప్పటికి బళ్ళారి జిల్లాలో ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరినవి.

దానానికి ఇచ్చే చేయి, దరఖాస్తుకు ఇవ్వదు

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. ఆకలిగొన్నవానికి అన్నమంటే మనవాళ్ళు వెంటనే ఇస్తారు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు, మంత్రాలయం మునిగినప్పుడు, 2020 లాక్‌డౌన్‌లో పనులు ఆగిపోయినప్పుడు, ఎవరి మతం ఏదని అడగకుండా అన్నం మూటలు పంచినవారు ఎందరో ఉన్నారు. అదే మనిషి దగ్గరకు పోయి, ఖబరస్తాన్ సర్వే కాగితాల కోసం కర్నూలు పోవాలి, వకీలు ఫీజు, జిరాక్సు ఖర్చు ఇవ్వండి అంటే, ఏం లాభం నాయనా, కాగితాలకు డబ్బులా అంటాడు. హక్కు కోసం అడిగే చిన్న సంఘాల కష్టం అంతా ఇక్కడే ఉన్నది.

కాని కాగితం లేక ఎంత నష్టపోతామో మన రాష్ట్రమే చూపినది. ముస్లిముల రిజర్వేషన్లకై 2004లో ఇచ్చిన ఉత్తర్వు, 2005లో చేసిన చట్టం రెండూ హైకోర్టులో నిలవలేదు. వెనుకబాటుతనంపై సరైన అధ్యయనం లేదన్నది ముఖ్యమైన అభ్యంతరం. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఏ వృత్తివారు ఎంత వెనుకబడినారో విడివిడిగా చూపినది. దాని ఆధారంగా 14 వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం కల్పించినారు. (దూదేకుల సోదరులు అంతకుముందు నుండే బీసీ-బి జాబితాలో ఉన్నారు.) 2010లో హైకోర్టు దానినీ కొట్టివేసినా, అదే సంవత్సరం మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగినది. ఆ 4 శాతంతో సీటు సంపాదించుకొని చదివిన పిల్లలు నేడు మన ఇళ్ళలోనే ఉన్నారు. ఊరేగింపు ఇవ్వలేని దానిని లెక్కలున్న నివేదిక ఇచ్చినది.

మరొకటి ఈమధ్యదే. 2024 ఆగస్టులో వక్ఫ్ సవరణ బిల్లు పార్లమెంటులో ప్రవేశించినది. సంయుక్త సంఘం అభిప్రాయాలు కోరగా 97 లక్షలకు పైగా విన్నపాలు చేరినవి. వాటిలో అనుకూలమూ ఉన్నది, ప్రతికూలమూ ఉన్నది. క్యూఆర్ కోడు నొక్కితే సిద్ధంగా ఉన్న ఈమెయిలు పోయే ఏర్పాటు ఊరూరా కనపడినది. బిల్లు కొన్ని మార్పులతో 2025 ఏప్రిల్‌లో చట్టమైనది. ఆ సంవత్సరమే సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు కొన్ని నిబంధనల అమలును తాత్కాలికంగా నిలిపినది. చట్టం మంచిచెడ్డల చర్చ ఇక్కడ మన పని కాదు. గమనించవలసినది వేరే ఉన్నది. ఈమెయిలు పంపటం అరనిమిషం పని. 2025 జూన్ 6న ప్రారంభమైన ఉమీద్ పోర్టల్‌లో మసీదు, దర్గా, ఖబరస్తాన్ వివరాలు ఎక్కించాలంటే సర్వే నంబరు, గెజిట్ పుట, ముంతఖబ్ నకలు, కొలతలు కావాలి. బటన్ నొక్కటానికి వచ్చిన వందమందిలో, తహశీల్దారు ఆఫీసు మెట్లెక్కటానికి ఎంతమంది వస్తారు? మద్దతు ఎంత ఉన్నదో తెలిసేది అక్కడే.

జోలె ఫోనులోకి వచ్చినది

2016లో యూపీఐ వచ్చినది. ఆ సంవత్సరం నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయిన పిమ్మట చాలామంది ఫోను చెల్లింపులు నేర్చుకున్నారు. ఇప్పుడు చాయ్ బండి మీదా క్యూఆర్ కోడు, మసీదు గేటు వద్దా క్యూఆర్ కోడు. సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయిన మన పశ్చిమ కర్నూలు కూలీ కూడా అక్కడి నుండే యాభై రూపాయలు వేయగలడు. ఆ యాభైని చులకన చేయకండి. నాటి పిడికెడు బియ్యం అదే.

దీని శక్తి ఎంతటిదో 2024 ఏప్రిల్‌లో కేరళ చూపినది. రియాద్ జైలులో మరణశిక్ష పడిన ఒక కోజికోడ్ వాసిని విడిపించుటకు దియత్, అనగా రక్తపరిహారం, కోటీ యాభై లక్షల రియాళ్ళు కావలసి వచ్చినది. మన రూపాయల్లో 34 కోట్లు. మతభేదం లేకుండా మలయాళీలు కొద్ది వారాల్లో ఆ మొత్తం పోగు చేసినారు. ఎంత చేరినదో ఎప్పటికప్పుడు చూపే యాప్ తయారు చేసినారు. లక్ష్యం నిండగానే ఇక చందా పంపవద్దని ప్రకటించినారు. ఇక చాలు అని చెప్పగలిగిన సంఘం మీద జనానికి ఎంత నమ్మకం కుదురుతుందో ఆలోచించండి.

మనం పాటించవలసిన కట్టుబాట్లు

చరిత్ర చదివి పుస్తకం మూసేస్తే ఏం లాభం? మన రెండు ఊళ్ళ సంఘాలకు పనికివచ్చే కొన్ని సంగతులు మనవి చేస్తాను.

మొదటిది: క్యూఆర్ కోడు సంఘం పేరిట ఉన్న బ్యాంకు ఖాతాదే కావాలి. అధ్యక్షునిదో, కోశాధికారిదో సొంత ఫోను నంబరు కాకూడదు. ఆయన ఎంత నిజాయితీపరుడైనా సరే. సేఠ్ ఛోటానీ కథ మరువరాదు.

రెండవది: జకాత్ వేరు, చందా వేరు. జకాత్ ఎవరికి చెందాలో ఖుర్ఆన్‌లోని తౌబా సూరా 60వ ఆయత్ ఎనిమిది తరగతులుగా చెప్పినది. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ పద్ధతిలో జకాత్ సొమ్మును అర్హునికి సొంతం చేయాలి. కరపత్రానికి, వకీలు ఫీజుకు, భవనానికి అది వాడరాదు. ఫోనులో అన్నీ ఒకే ఖాతాలో పడితే ఏది జకాతో, ఏది చందానో తెలియదు. అందుకని రెండు ఖాతాలు తెరవాలి, అడిగేటప్పుడే ఇది దేనికని స్పష్టంగా చెప్పాలి.

మూడవది: గల్ఫ్ సోదరుల విషయం. భారత పౌరుడుగా ఉన్న మన పిల్లవాడు తన సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నవాడు గాని, అక్కడి సంస్థ గాని పంపితే అది విదేశీ విరాళమే. 2010 నాటి చట్టం ప్రకారం అనుమతి లేని సంఘం అది తీసుకోరాదు. ఆన్‌లైన్‌లో డబ్బు ఎవరి దగ్గర నుండి వచ్చినదో చూడకుండా సంతోషపడితే తర్వాత చిక్కులు తప్పవు.

నాలుగవది: లెక్క. 2001 నాటి మన రాష్ట్ర సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘం ఏటా లెక్కలు సర్వసభ్య సమావేశం ముందు పెట్టాలి. చట్టం చెప్పినందుకు కాదు, నెలకొక పుట జమాఖర్చు రాసి మసీదు గోడకు అంటించండి, అదే పుటను వాట్సాప్‌లోను వేయండి. చందా అడిగే సందేశం ఎందరికి పోయినదో, లెక్క చెప్పే సందేశం కూడా అందరికీ పోవాలి. ఓర్వకల్లు వంటి చోట్ల మన జిల్లా మహిళలు 1990ల నుండి పొదుపు సంఘాల లెక్కలు నడిపిస్తున్నారు. మన ఇంటి ఆడవారికి కమిటీలో చోటిస్తే లెక్క ఎంత శుభ్రంగా ఉంటుందో చూడండి.

ఐదవది: దరఖాస్తు పనికి వేరే నిధి పెట్టి, ప్రతి ఇంటి నుండి నెలకు పది రూపాయలే అడగండి. ఎక్కువ వద్దు. డబ్బు ఇవ్వలేనివారిని ఒక పూట సమయం అడగండి. ఒకరు అర్జీ రాస్తారు, ఒకరు పాత కాగితాలు చదివిపెడతారు, ఒకరు మోటారు సైకిలు మీద ఎమ్మిగనూరు నుండి ఆదోనికి తీసుకుపోతారు. పది రూపాయలు ఇచ్చినవాడు రేపు పని ఎంతవరకు వచ్చిందని అడుగుతాడు. అట్లా అడిగేవారే సంఘానికి అసలు ఆస్తి.

సిద్దీ మసూద్ ఖాన్ ఒక్కడే కట్టించిన మసీదును మూడు శతాబ్దాలకు పైగా కాపాడుకొని వచ్చినది పేరు తెలియని వేలమంది చేతులే. వారిలో చాలామంది పిడికెడు కన్నా ఎక్కువ ఇవ్వగలిగినవారు కారు. ఆ పిడికెడు ఇప్పుడు ఫోనులోకి మారినది. తీసుకునే చేయి కూడా అంత శుభ్రంగా ఉండేట్లు అల్లాహ్ మనందరికీ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.